ఎనిమిది దాటితే

ఇక్కడికొచ్చి నలభై రోజులు.
ఇవాళ ఇరవై రెండు డిగ్రీలు. నిన్నా అంతే.
మొన్న ఇరవై మూడు,
ఆ ఒక్క డిగ్రీ గురించి
పక్కవాటా బెరిల్ గేటు పట్టుకుని పావుగంట మాట్లాడింది.

పోర్ట్ మెక్వారీ
డాక్టరు చీటీ మీద రాసిచ్చినట్టుండే ఊరు.
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, గాలి.
ముసలాళ్ళు కుక్కల్ని తిప్పుతారో
కుక్కలే వాళ్ళని తిప్పుతాయో.
అలలకి అడ్డంగా పోసిన బండరాళ్ళ మీద
ఎవరెవరో రంగులతో రాసుకున్నారు
పెళ్ళిరోజులు, పోయిన పిల్లుల పేర్లు,
'నాన్నా, నువ్వు చేపలు పట్టింది ఇక్కడే' అని ఒకటి.
పైడిరాజు ప్రతి రాయీ చదువుతాడు
కరెంటు బిల్లు చదివినంత శ్రద్ధగా.

సామాను లారీలో కూలరొచ్చింది.
వద్దంటే వినలేదు.
ఇప్పుడు దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నాను.
గ్రైండరు అడుగున మర విప్పితే
చిటికెడు ఎర్రమట్టి రాలింది,
ఊడ్చబోయి
మళ్ళీ మర బిగించేశాను.

ముప్ఫయ్యొక్క ఏళ్ళు మౌంట్ ఐసాలో.
కారు తలుపు ముట్టుకోడానికి
గుమ్మం పక్క మేకుకి ఒక పాత మేజోడు వేలాడేది.
చన్నీళ్ళ కుళాయిలో వేణ్ణీళ్ళొచ్చేవి,
వేణ్ణీళ్ళ కుళాయి ఎందుకు పెట్టారో
కట్టినవాడికే తెలియాలి.
ఎండని తిట్టుకుంటూ బతికాం.
తిట్టడానికి అదొకటి ఉండబట్టి
ఒకరినొకరం పెద్దగా తిట్టుకోలేదని
ఇక్కడికొచ్చాకే తెలిసింది.
మొన్న ఇరవై మూడు నాడు
చెమ్చా ఏ సొరుగులో ఉండాలన్న దాని మీద
సాయంత్రం దాకా మాటల్లేవు.

అదీ కాదు నేను చెప్పాలనుకున్నది.

అక్కడ రాత్రి ఎనిమిదికి
ఊరి కింద, చాలా లోతున, మందు పేల్చేవారు.
ఇల్లు ఒక్కసారి ఒళ్ళు విదిలించేది,
గేదె ఈగని విదిలించినట్టు.
అలమారలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకునేవి.
పాల మీద మీగడ వణికేది.
కొత్తలో నేను మంచం కిందకి దూరితే
పైడిరాజు వంగి చూసి నవ్వి చెప్పాడు
కింద ఒక్క మనిషి మిగిలినా పేల్చరు,
మోత విన్నావంటే
అందరం పైకొచ్చేశామని లెక్క.

అప్పట్నించీ
అతను డ్యూటీలో ఉన్న రాత్రులు
అన్నం వార్చి, మూత తియ్యకుండా
గ్లాసుల వైపు చూస్తూ నిలబడేదాన్ని.
అవి గలగలమన్నాక కంచం పెట్టుకునేదాన్ని.
ఒకసారి ఎనిమిదీ ఇరవై అయింది.
ఆ ఇరవై నిమిషాల గురించి
ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, అతనికి కూడా.

ఇక్కడ ఎనిమిదికి సముద్రం.
అది ఎనిమిదిన్నరకీ అదే, తొమ్మిదికీ అదే.
నా ఎదురుగానే కూర్చుని
నారింజ ఒలుస్తుంటాడు మనిషి.
తొనలు లెక్కపెట్టినట్టు అతన్ని లెక్కపెడతాను
ఒకటి.
అయినా చెవి ఊరుకోదు.

ఆదివారం రాత్రి
తనూ గడియారం చూస్తున్నాడని కనిపెట్టాను.
ఏమీ అనలేదు. లేచాడు.
అలమార దగ్గరికెళ్ళి
అరచేత్తో ఒక్కటి వేశాడు.
గ్లాసులన్నీ ఉలిక్కిపడి మాట్లాడాయి.
'పైకొచ్చేశారు,' అన్నాడు.
కళ్ళజోడు తుడుచుకున్నాడు, తుడవక్కర్లేకపోయినా.

గోడ అవతల నుంచి బెరిల్
టక్ టక్‌మని కొట్టింది, బాగానే ఉన్నారా అన్నట్టు.
ఇటు నుంచి నేనూ రెండు కొట్టాను.
ఎనభై నాలుగేళ్ళావిడ, ఒక్కతే.

రోజూ ఇదే అయింది.
నిన్న టీవీలో పడి మరిచిపోయాం.
ఎనిమిదీ మూడుకి
గోడ తనే మోగింది.